గోడమీద విమానం

మా బావమరిది కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకున్నాడంటే ఇటుకలు పేర్చి కాదు లెండి. ఆకాశంలో పన్నెండో అంతస్తున కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి వెళ్లాం. పాలు పొంగాయి, వ్రతం అయింది, పులిహోర వచ్చింది. ఆకు ముందు కూర్చోబోతూ తలెత్తి చూద్దును గదా, హాల్లో ఎదురుగోడమీద మూడడుగుల వెడల్పు పటం. నల్లచట్రం, లోపల తెల్లటి అట్ట, నడుమ నలుపు తెలుపుల్లో ఒక విమానం!

"ఏమోయ్, వెంకటేశ్వరస్వామి వుండవలసిన చోట విమానం పెట్టావేం? పుష్పక విమానమా?" అన్నాను.

"మీకన్నీ వేళాకోళమే బావగారూ! అది ఫైన్ ఆర్ట్ ప్రింటు. ప్రపంచంలో మొట్టమొదటి విమానం ఎగురుతుండగా తీసిన ఫోటో. 100 ప్రతులే వేశారు. ఇది 37వది. కింద సంతకం కూడా వుంది చూడండి," అన్నాడు.

"ఎవరి సంతకం? ఫోటో తీసిన ఆయనదా?"

"ప్రింటు వేసిన వాళ్లది."

"ఎంతేమిటి?"

వాడు చెవిలో చెప్పాడు. ఇరవై రెండు వేలుట! నా నోట్లోని పులిహోర ఆవగింజ అడ్డం తిరిగింది. ప్రక్కనే కూర్చున్న మా ఆవిడ నా వీపు మీద చరిచింది. అందులో కొంత వైద్యం, కొంత హెచ్చరిక వున్నాయి. తమ్ముడింట్లో శుభకార్యం నాడు నోరు జారవద్దని దాని అర్థం. అంచేత నోరు మూసుకున్నాను. కాని కళ్లు మూసుకోమని ఎవరూ అనలేదు గదా, పటం కేసి చూస్తూనే వున్నాను.

ఆ ఫోటో కథ మీలో చాలామందికి తెలిసే వుంటుంది. తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను.

అమెరికాలో ఉత్తర కరోలినా సముద్రతీరాన కిల్ డెవిల్ హిల్స్ అనే ఇసుక దిబ్బలున్నాయి. 1903 డిసెంబరు 17, గురువారం. నీళ్లు గడ్డకట్టే చలి. గంటకు 20 మైళ్లు దాటిన గాలి. సైకిళ్ల దుకాణం పెట్టుకుని బ్రతికే అన్నదమ్ములిద్దరు, విల్బర్ రైట్, ఆర్విల్ రైట్, తాము తయారుచేసిన యంత్రాన్ని 60 అడుగుల కొయ్య పట్టామీద నిలబెట్టారు. మూడు రోజుల ముందు, 14వ తేదీన, ఎవరు ముందు ఎక్కాలని నాణెం ఎగరేస్తే అన్నగారు గెలిచాడు. ఎక్కాడు, యంత్రం కొద్దిగా లేచి ఇసుకలో కూలబడింది. బాగుచేసేసరికి 17వ తేదీ వచ్చింది. ఈసారి వంతు తమ్ముడిది.

తమ్ముడు ఆర్విల్ ఎక్కేముందు ఒక పని చేశాడు. ముక్కాలిపీట మీద కెమెరా పెట్టి, యంత్రం పట్టా వదిలి లేస్తుందనుకున్న చోటికి దాన్ని గురిచూసి వుంచాడు. లోపల 5 అంగుళాలకు 7 అంగుళాల గాజుపలక. కెమెరాకు ఒక రబ్బరు బుడ్డి. "యంత్రం లేవగానే ఇది నొక్కవయ్యా," అని జాన్ డేనియల్స్ అనే ఆయన చేతికిచ్చాడు. ఆ డేనియల్స్ ఫోటోగ్రాఫరు కాడు. ఓడలు పగిలినప్పుడు జనాన్ని ఒడ్డుకు చేర్చే ఠాణాలో ఉద్యోగి. అంతకు ముందెన్నడూ కెమెరా ముట్టినవాడు కాడు.

పది గంటల ముప్ఫై అయిదు నిమిషాల వేళ యంత్రం కదిలింది. అన్న విల్బర్ రెక్క పట్టుకుని ప్రక్కనే పరుగెత్తాడు. లేచింది! 12 సెకన్లు, 120 అడుగులు. మా బావమరిది వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకు కూడా అంతకంటె ఎక్కువే వుంటుంది. ఆ ఆశ్చర్యంలో డేనియల్స్‌కు తను బుడ్డి నొక్కాడో లేదో కూడా తెలియలేదు. అన్నదమ్ములు డేటన్‌లో తమ ఇంటికి తిరిగి వెళ్లి గాజుపలక కడిగి చూసుకుంటేగాని ఫోటో పడిందో లేదో తేలలేదు. పడింది. ఎంత బాగా పడిందంటే, యంత్రం నేలకు రెండడుగుల ఎత్తున తేలుతూ, దాని మీద తమ్ముడు బోర్లా పడుకుని, కుడిప్రక్క అన్న అప్పుడే రెక్క వదిలి అడుగు ఆపుకోబోతున్నట్లు పడింది. చెయ్యి తిరిగినవాడు కూడా అంతకంటె బాగా తియ్యలేడు.

అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. తరువాత యంత్రాన్ని నేలమీద వుంచి మాట్లాడుకుంటుంటే పెనుగాలి వచ్చి దాన్ని దొర్లించింది. ఆపబోయిన డేనియల్స్ కర్రల్లో, తీగల్లో చిక్కుకుని దానితోపాటే దొర్లి, దెబ్బలతో బయటపడ్డాడు. ఆ యంత్రం మళ్లీ ఎగరలేదు.

ఇక ఆ గాజుపలక సంగతి. 1913 మార్చిలో డేటన్ నగరానికి పెద్ద వరద వచ్చింది. విల్బర్ అప్పటికే లేడు, 1912లో విషజ్వరంతో పోయాడు. ఇంటి వెనుక కొట్టంలో పెట్టిన గాజుపలకలన్నీ నీళ్లలో మునిగాయి. కొన్నింటి పూత వూడిపోయింది. మొదటి విమానం పలకకు మాత్రం ఒక మూల దెబ్బతిన్నది, బొమ్మ బ్రతికింది. ఆర్విల్ 1948 జనవరి 30న కన్నుమూశాడు. ఆ తేదీ మనకు వేరే కారణాన ఎన్నటికీ గుర్తుంటుంది. ఆ మరునాడే, జనవరి 31న, డేనియల్స్ కూడా పోయాడు. 1949లో ఆ 303 గాజుపలకలూ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి.

ఇదంతా నేను చదివి వుండటమే వచ్చిన చిక్కు. పాయసం తాగుతూ చూస్తున్నాను. మా బావమరిది పటంలో దెబ్బతిన్న మూల లేదు! నాలుగు మూలలూ పెళ్లికొడుకు చొక్కా కాలరులా నిగనిగలాడుతున్నాయి. అసలు ఫోటోలో కుడివైపున రెక్కకు ఆనించిన చిన్న బల్ల వుంటుంది. ఇసుకలో పార వుంటుంది, ఇంజను పనికి తెచ్చిన పెట్టె వుంటుంది. ఇందులో పార లేదు, పెట్టె లేదు. ఇసుకమీది అడుగుజాడలు కూడా ఇస్త్రీ చేసినట్లు చదునుగా వున్నాయి.

"ఇదేమిటోయ్, పార ఏదీ?" అన్నాను ఉండబట్టలేక.

"చెత్తంతా తీసి క్లీన్ చేశారు బావగారూ. అందుకే గదా అంత రేటు," అన్నాడు.

మా ఆవిడ నా కేసి చూసింది. నేను పాయసం కేసి చూశాను.

నిజం చెప్పొద్దూ, ఇంటికి వచ్చాక నాకు కొంచెం కుళ్లు పుట్టింది. వాడి గోడమీద పరాయిదేశపు విమానం వుంటే, మా గోడమీద మా విమానమే వుండవచ్చు గదా! మాకూ ఒకటుంది మరి.

మా నాన్నగారు బేగంపేట విమానాశ్రయంలో నేలమీద పనిచేసేవారు. అప్పుడు మా కాపురం రసూల్‌పురాలో. డకోటాలు తల మీదుగా వెళుతుంటే పెంకులు అదిరేవి. డకోటా మూడు చక్రాల విమానం. రెండు ముందు రెక్కల కింద, ఒకటి తోక కింద. అంచేత నేలమీద వున్నప్పుడు ముక్కు పైకెత్తి, తోక కిందపెట్టి కూర్చునేది. ఆ మోడలు మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. తేదీ చూశారా! రైట్ సోదరులకు సరిగ్గా 32 ఏళ్లు నిండిన రోజు. ఇంజను తిప్పేముందు పంకారేకులు పట్టుకుని చేత్తో కొన్ని చుట్లు తిప్పేవారు. లేకపోతే అడుగు సిలిండర్లలో నూనె దిగి వుండి, ఇంజను పాడయ్యేది. చక్రాలకు ముందూ వెనుకా కొయ్యదిమ్మలు అడ్డం పెట్టేవారు. మా నాన్నగారి పని ఆ దిమ్మలు. "నేను దిమ్మ లాగితేగాని పైలట్ ఎంతవాడైనా కదలడురా," అనేవారు. పిల్లలం అది నిజమని నమ్మి వీధిలో చాటుకునేవాళ్లం. ఇప్పటికీ నిజమే అనుకోండి.

1958 డిసెంబరులో ఎవరో పెద్దమనిషి విమానం తలుపులో నిలబడి చెయ్యి వూపుతుంటే ఫోటోగ్రాఫరు తీశాడు. అదే ఫోటోలో ఎడమవైపు అడుగున, చక్రం దగ్గర, ఖాకీ నిక్కరు వేసుకుని వంగిన మనిషి పడ్డాడు. ఆయనే మా నాన్నగారు. ఎవరిని బ్రతిమాలి సంపాదించారో గాని ఒక ప్రతి ఇంటికి తెచ్చి పటం కట్టించారు. మా అమ్మా నాన్నలకు పెళ్లిఫోటో లేదు. నాన్నగారు పడుచుతనంలో వున్న బొమ్మ మాకు అదొక్కటే. వెనుక ఆయన చేతి నీలిసిరాతో నెల, సంవత్సరం వున్నాయి.

అటకమీద పెట్టె దింపి చూస్తే గుండె చివుక్కుమంది. ఫోటోను అద్దానికి ఆనించి కట్టారు. యాభై వానాకాలాల చెమ్మకు ఆకాశం అద్దానికి అతుక్కుపోయింది. ఎడమవైపు అడుగునుంచి చెదలు వచ్చాయి. ఆ పెద్దమనిషి క్షేమం. విమానం క్షేమం. వంగిన మనిషి ముఖంలో చెవి, దవడ మిగిలాయి. నుదురు, కళ్లు, ముక్కు చెదలు తిన్నాయి.

మా చెల్లెలి కొడుకు కంప్యూటర్ల పని చేస్తాడు. "మామయ్యా, మీరేం దిగులుపడకండి. ఏఐ చేత బాగు చేయించేస్తాను," అని ఫోనుతో ఫోటో తీసుకుపోయాడు. రెండో రోజుకల్లా తెచ్చాడు. ఆహా! ఆకాశం కడిగిన ముత్యం. విమానం వెండిగిన్నె. గీతలు లేవు, మచ్చలు లేవు. నాన్నగారికి ముఖం వచ్చేసింది! కోలముఖం, సూటి ముక్కు, చక్కటి కనుబొమలు. నేను మురిసిపోయి పరుగున వెళ్లి అమ్మకు చూపించాను. ఆవిడకు 89 ఏళ్లు. చూపు కొంచెం మందగించింది గాని మనిషి చురుకే.

కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈ అబ్బాయి?" అంది.

నేనేం చెప్పను? మా మేనల్లుడు నేలచూపులు చూశాడు. వాడి తప్పు లేదు. యంత్రానికి లక్షల ముఖాలు తెలుసు. మా నాన్నగారి ముఖం మాత్రం తెలియదు. తెలియదని చెప్పడం దానికి చేతకాక, తెలిసిన ముఖాల్లోంచి ఒకటి అతికించింది. సినిమాకు పనికివచ్చే ముఖమే. మా ఇంటికి పనికిరాదు.

అప్పుడు సికింద్రాబాదులో పటాలు కట్టే ముసలాయన దగ్గరకు వెళ్లాను. నలభై ఏళ్లుగా అదే పని చేస్తున్నాడు. అద్దానికి అతుక్కున్న ఫోటోను నేను గోటితో పీకబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పీకారంటే బొమ్మ అద్దంతో వస్తుంది, కాగితం మీ చేతిలో మిగులుతుంది సార్! ఫోటో అంటే కాగితంమీద జెలటిన్ పొర. ఆ పొరలో వెండి రేణువులు. చెమ్మ తగిలితే ఆ పొర జిగురవుతుంది. అద్దంతో సహా అట్లాగే వుంచి కాపీ తీయించండి," అన్నాడు.

మీకూ పనికివస్తుందని ఆయన చెప్పిన తక్కిన సంగతులు కూడా చెబుతున్నాను. అద్దం, ఫోటో ఒకదాన్నొకటి తాకకూడదు. నడుమ మందపాటి అట్ట చట్రంలా కత్తిరించి పెట్టాలి. దాన్ని మౌంటు అంటారు. మా బావమరిది పటంలో తెల్లటి అట్ట అందానికి పెట్టారనుకున్నాను. అందానికే కాదు, ఫోటోకి వూపిరాడటానికి. చవక అట్టలో ఆమ్లం వుంటుంది, పదేళ్లలో అంచులు పసుపెక్కిస్తుంది. ఆమ్లం లేని అట్ట అడిగి తీసుకోవాలి. ఎండ పడే గోడకూ, వంటింటి గోడకూ, నీళ్ల గొట్టాలున్న గోడకూ పాత ఫోటో తగిలించకూడదు. అసలు ఫోటోను పెట్టెలో పొడిగా దాచి, కాపీని గోడకు పెట్టడం అన్నిటికంటె క్షేమం.

"మరి ఈ ఫైన్ ఆర్ట్ ప్రింటంటే ఏమిటండీ?" అని అడిగాను.

"నూలు గుడ్డపీలికలతో చేసిన కాగితం. రంగుపొడి కలిపిన సిరా. మామూలు సిరా వెలుతురుకు తొందరగా వెలుస్తుంది, ఇది చాలాకాలం నిలుస్తుంది. అంతే. మా వీధిలోనే వేస్తారు," అన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు. ఫోటో తీసినాయన తన చేత్తో ప్రింటు వేసి, లెక్కపెట్టి, సంతకం చేస్తే ఆ అంకెకు విలువ వుందిట. తీసినాయన పోయి, బొమ్మ లోకానికంతటికీ సొంతమయ్యాక 100లో 37 అంటే, ఆ దుకాణంవారు తాము ఎన్ని వేస్తారో చెప్పిన లెక్కేగాని ఫోటో లెక్క కాదుట. ఆ విమానం ఫోటోను లైబ్రరీవారు దెబ్బతిన్న మూలతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఎవరైనా దించుకుని అచ్చు వేయించుకోవచ్చు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఎలుకలు కొట్టిన వోలెటాకు చిరుగులు కలిపి అతికిస్తే అది బాగుచెయ్యడం. చిరిగినచోట వున్న మాటలు మనమే రాసిపెడితే దొంగపత్రం. అక్షరం దగ్గర మనకు తెలిసిన ఈ తేడా బొమ్మ దగ్గరకు వచ్చేసరికి మరిచిపోతాం. మచ్చ మచ్చలా వుంటే చూసేవాడికి తెలుస్తుంది, ఇక్కడ ఏదో పోయిందని. మచ్చ తీసి బొమ్మ పెడితే పోయిందన్న సంగతి కూడా పోతుంది.

అంచేత మేనల్లుణ్ణి పిలిచి, "ఒరే, వెలసిన నలుపును కాస్త నలుపు చెయ్యి, అద్దం మీది దుమ్ము తియ్యి. అంతకుమించి ముట్టుకోకు. చెదలు తిన్నచోటు తిన్నట్లే వుండనీ," అన్నాను. పాపం, వాడు అట్లాగే చేశాడు. ముసలాయన చెప్పిన వీధిలోనే నూలుకాగితం మీద అడుగున్నర వెడల్పున వేయించి, మౌంటు పెట్టించి, చట్రం కట్టించాను. అంతా కలిపి రెండువేల నాలుగువందలయింది. అమ్మ మంచానికి ఎదురుగా, ఎండపడని గోడకు తగిలించాం.

ఆ ఆదివారం మా బావమరిది వచ్చాడు. పటం చూసి, "అయ్యో, ముఖం బాగుచేయించలేదేం బావగారూ?" అన్నాడు. నేను జవాబు చెప్పబోయేంతలో అమ్మే లేచి, గోడ పట్టుకుని నడిచి, పటం దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఆయనే," అంది. "కుడి మోకాలు వంచకుండా వంగేవారు. సైకిలు మీంచి పడ్డప్పటి దెబ్బ."

చూశాం. నిజమే. ఒక కాలు చాచి, ఒక కాలు మడిచి వంగి వున్నారు. యంత్రం ఇచ్చిన అందమైన ముఖాన్ని చూస్తూ మేమెవ్వరం ఆ కాళ్ల కేసి చూడనే లేదు.

"విమానం బయలుదేరుతుంటే దిమ్మ లాగుతున్నారు కదమ్మా?" అన్నాను. చిన్నప్పటినుంచి నేను అనుకున్నది అదే.

"కాదురా. లాగేటప్పుడు తాడు పట్టుకు లాగేవారు. తాడు చూడు, నేలమీద వుంది."

వంగి చూశాను. చక్రం ప్రక్కన నేలమీద సన్నని వంకరగీత. మొదటిసారి బాగుచేసినప్పుడు యంత్రం దాన్ని ఫోటోమీది గీత అనుకుని తుడిచేసింది. నేనూ గీతే అనుకున్నాను. అది దిమ్మకు కట్టిన తాడు.

మా బావమరిది కూడా వంగి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్ను వరండాలోకి పిలిచి, పటాలు కట్టే ముసలాయన దుకాణం ఎక్కడని మెల్లగా అడిగాడు.

లోపల అమ్మ ఇంకా పటం ముందే నిలబడి వుంది.

"చేత్తో తోస్తున్నారంటే దిమ్మ పెడుతున్నారన్నమాట," అంది, మాతో కాదు, పటంతో అన్నట్లు. "వచ్చిన విమానం అది. ఇంక డ్యూటీ అయిపోయినట్లే. ఇంటికి వచ్చేస్తారు."